తల్లిపాల మీద మోపిన బరువు

డైటీషియన్ అంటే బరువు తగ్గించే మనిషి అని మా అపార్ట్‌మెంట్‌లో ఇప్పటికీ అనుకుంటారు. లిఫ్టులో నన్ను చూడగానే పొట్ట లోపలికి పీల్చుకునే అంకుల్స్ ఇద్దరు ముగ్గురున్నారు. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ చేసింది దానికి పూర్తిగా తలకిందుల పని. ఢిల్లీలో ఒక పిల్లల ఆసుపత్రిలో, బరువు పెరగని పిల్లల తల్లుల పక్కన కూర్చుని, వాళ్ళ వంటింట్లో ఏం ఉడుకుతోందో కనుక్కోవడం నా పని.

ఈమధ్య ఆసుపత్రిలో కొత్తగా చేరిన అమ్మాయిలు మయూర్ విహార్‌లో మా ఇంటికి వచ్చి, అనుభవాలు చెప్పమన్నారు. ప్రమోషన్లు, ఇన్‌స్పెక్షన్లు, మీటింగులు ఎవరికి కావాలి? అవి తలుచుకుంటే నాకే ఆవలింతలు వస్తాయి. ఒక పెద్దాయన గురించీ, ఒక తల్లి గురించీ రాస్తాను. ఈ ఉద్యోగం నాకు నేర్పింది చాలావరకు వాళ్ళిద్దరి దగ్గరే ఉంది.

వరి దేశం మనిషిని

మాది బాపట్ల వైపు. పెళ్ళయి ఢిల్లీ వచ్చేదాకా నాకు గోధుమ అంటే పండగపూట పూరీ, ఇంట్లో ఎవరికైనా షుగర్ వస్తే రాత్రికి రెండు పుల్కాలు. ఇక్కడ గోధుమంటే అన్నమే. "రోటీ ఖాయీ?" అంటే భోజనం చేశావా అని అర్థం. అలాంటి చోట నాకు అప్పజెప్పిన జబ్బు సీలియాక్.

తెలియనివారి కోసం రెండు ముక్కల్లో చెబుతాను. గోధుమలోనూ బార్లీలోనూ గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. చపాతీ పిండి సాగేది దానివల్లే. కొందరి ఒంటికి అది పడదు. తిన్నకొద్దీ పేగు లోపలి పొర దెబ్బతిని, తిన్నది ఒంటబట్టదు. పిల్లలకు పొట్ట ఉబ్బుతుంది, కాళ్ళూ చేతులూ సన్నబడతాయి, రక్తం తగ్గుతుంది, ఊరికే చిరాకు పడుతుంటారు. మందు లేదు. గోధుమను జన్మంతా మానేయడమే వైద్యం. మానేస్తే మాత్రం పిల్లలు చూస్తుండగానే కోలుకుంటారు. అది చూసే భాగ్యం నాకు దక్కింది.

కొత్తలో ఒక హర్యానా నాయనమ్మకు ఈ సంగతి చెబితే, "రోటీ నహీ ఖాయేగా తో బచ్చా ఖాయేగా క్యా, హవా?" అని నా మీద విరుచుకుపడింది. రోటీ మానితే బిడ్డ గాలి తిని బతకాలా అన్న ఆ ప్రశ్నలో తప్పేముంది? ఆవిడను ఒప్పించేసరికి నాకు తల ప్రాణం తోకకు వచ్చింది. ఆ తర్వాత వచ్చినప్పుడు నాకోసం సజ్జ రొట్టె, వెన్న మూటగట్టుకొచ్చింది. నేను సజ్జ రొట్టె మొదట తిన్నది ఆవిడ చేతి మీదుగానే.

ఉత్తరాది ఇళ్ళలో గోధుమ మాన్పించడం కష్టం. మన తెలుగువాళ్ళతో కష్టం ఇంకోలా ఉంటుంది. మనం మరీ సులువుగా మానేస్తాం. అదెందుకు ప్రమాదమో ముందుముందు మీకే తెలుస్తుంది.

బడే సాబ్

మా విభాగానికి పెద్ద డాక్టర్ ఒకాయన ఉండేవారు. అందరం బడే సాబ్ అనేవాళ్ళం. కోపిష్టి. కాఫీ చల్లారితే కోపం, పేషెంటు బిడ్డ పేరు మర్చిపోతే కోపం. తల్లులను 'పిల్లాడికి ఏం పెడతారు' అని అడగనిచ్చేవారు కాదు. అలా అడిగితే ఎవరైనా పాలు, పళ్ళు, పప్పు అని పుస్తకంలోది అప్పజెబుతారు. 'నిన్న పొద్దున లేచాక మొట్టమొదట నోట్లో పెట్టిందేమిటి' అని అడగమనేవారు. అప్పుడు బయటపడేది బిస్కెట్ల సంగతి.

మా గది గోడ మీద ఒక చార్టు ఉండేది. తల్లి ఒక పక్క పాలిస్తూ, ఇంకో పక్క గోధుమ జావ తినిపిస్తున్న బొమ్మ. తల్లిపాలు తాగుతుండగానే గోధుమ అలవాటు చేస్తే సీలియాక్ రాదని దాని సారాంశం. అప్పట్లో ప్రపంచమంతా అదే నమ్మింది, మేమూ అదే చెప్పాం. తర్వాత, పుట్టినప్పటి నుంచి పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించిన పరిశోధనలు వచ్చాయి. ఎంతకాలం పాలిచ్చారన్నదాన్ని బట్టి ఈ జబ్బు రావడం, రాకపోవడం ఉండదని తేలింది. గోధుమ కాస్త ఆలస్యంగా మొదలుపెడితే జబ్బు కాస్త ఆలస్యంగా బయటపడొచ్చు, అంతే. మూలం పుట్టుకతో వచ్చిన జన్యువుల్లో ఉంది. ఆ జన్యువులున్న వాళ్ళలో కూడా కొందరికే ఎందుకు వస్తుందో ఇప్పటికీ పూర్తిగా ఎవరికీ తెలియదు.

ఆ విషయం మాకు చెప్పిన రోజే బడే సాబ్ కుర్చీ ఎక్కి ఆ చార్టును తన చేత్తోనే పీకేశారు. మాలో ఒకమ్మాయికి మనసొప్పలేదు.

"సర్, రక్షణ లేదని చెబితే తల్లులు పాలివ్వడం మానేస్తారేమో. ఉండనిస్తే ఏం పోయింది?" అంది.

ఆయన కుర్చీ మీద నుంచే, "దూధ్ కో ఝూఠ్ కీ జరూరత్ నహీ హై, బేటా" అన్నారు. పాలకు అబద్ధం సాయం అక్కర్లేదని. ఆకలి తీరుస్తాయి, విరేచనాల నుంచి, ఊపిరితిత్తుల జబ్బుల నుంచి కాస్తాయి, ఆ చేసే మేలు చెప్పుకోండి, చేయలేనిదాన్ని వాటి నెత్తిన రుద్దకండి అని కోప్పడ్డారు. మేం తల ఊపాం. ఆ మాట విలువ నాకు అప్పుడు సగమే తెలిసింది. మిగతా సగం మాధురి వల్ల తెలిసింది.

మాధురి, ఆద్య

మాధురిది కాకినాడ. నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భర్త కిరణ్‌దీ అదే రకం ఉద్యోగం. కాపురం మయూర్ విహార్‌లో, మా ఇంటికి రెండు వీధుల అవతల. కిరణ్ తల్లి సత్యవతి గారు వాళ్ళతోనే ఉంటారు. మొదటిసారి మాధురి నా గదికి వచ్చినప్పుడు చంకలో మూడేళ్ళ ఆద్య ఉంది. వయసుకు సగం పిల్లలా ఉంది.

"మేడమ్, గోధుమ మానేస్తే బాగుంటోందండి. మళ్ళీ పెడితే పొట్ట ఉబ్బిపోతోంది. టెస్టు చేయిస్తే మాత్రం రెండుసార్లూ జబ్బు లేదనే వచ్చింది. ఇంతకీ మా పాపకి ఏమైందండి?" అంది.

"టెస్టు చేయించినప్పుడు గోధుమ తింటోందా?"

"లేదండి. పక్కింటి పంజాబీ ఆంటీ 'గేహూ బంద్ కర్కే దేఖో', గోధుమ ఆపి చూడండి అన్నారని అదేరోజు ఆపేశాం. మనకేముందండి, రైసే కదా. ఆపాక ఓ రెండు మూడు నెలలాగి టెస్టు చేయించాం."

ఇదీ మనవాళ్ళ ప్రమాదం. పంజాబీ ఇంట్లో డాక్టరు బతిమాలినా మానని గోధుమను మనం పక్కింటావిడ మాటకే మానేస్తాం. గోధుమ తింటుంటేనే రక్తంలో ఆ జబ్బు ఆనవాళ్ళు కనబడతాయి. చాన్నాళ్ళు మానేసి పరీక్ష చేయించడమంటే, స్టవ్ ఆపేసి పాలు పొంగలేదేమిటా అని చూడడమే. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. అనుమానం వస్తే ముందు పరీక్ష, తర్వాతే పథ్యం.

బడే సాబ్ కనిపెట్టుకుని ఉంటూ ఆద్యకు మళ్ళీ కొన్ని వారాలు గోధుమ పెట్టించారు. పాప నలిగిపోయింది, తల్లి అంతకంటే నలిగిపోయింది. ఈసారి రక్తపరీక్షలో జబ్బు కనబడింది, పేగు నుంచి చిన్న ముక్క తీసి చూస్తే ఖాయమైంది. ఫలితం చెప్పిన రోజు మాధురి ఒక్కటే అడిగింది.

"నేను నాలుగో నెలకే పాలు మాన్పించేసి ఆఫీసుకి వెళ్ళిపోయానండి. దానివల్లేనా?"

"కాదమ్మా" అన్నాను. కారణం కూడా చెప్పాను. తల ఊపింది. నమ్మలేదని ముఖం చూస్తేనే తెలిసింది. ఇంట్లో వాళ్ళు నమ్మనివ్వాలి కదా. కాకినాడ నుంచి ఆడపడుచులు, పిన్నత్తలు ఫోన్ల మీద ఫోన్లు. "తల్లిపాలు సరిగా పడితే ఈ మాయదారి జబ్బులు వచ్చేవా" అని సత్యవతి గారే నా ఎదుట అన్నారు. బిడ్డ జబ్బుకు తోడు ఈ మాటలు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

గోధుమ పూర్తిగా మానినా ఆద్య అనుకున్నంత కోలుకోలేదు. ఒక ఆదివారం వాళ్ళింటికే వెళ్ళి వంటిల్లు చూశాను. అన్నం, పప్పు, చారు, పెరుగు, ఎక్కడా గోధుమ లేదు. ఇంగువ డబ్బా తిప్పి చూస్తే దొరికింది. ఇంగువను ఉత్తదిగా అమ్మరు, పిండి కలిపి అమ్ముతారు. ఆ డబ్బాలో కలిపింది గోధుమపిండి.

"చారులో ఇంగువ లేకపోతే అది చారేంటండీ, వేణ్ణీళ్ళు!" అని సత్యవతి గారు నొచ్చుకున్నారు. కానీ మర్నాడే నోయిడాలో నాలుగు షాపులు తిప్పించి, బియ్యప్పిండి కలిపిన ఇంగువ తెప్పించారు. ఆవిడ నోరు కరుకే గానీ చెయ్యి చల్లన. ఆద్య బుగ్గలు నిండింది ఆ తర్వాతే.

రెండో బిడ్డ

ఆద్యకు అయిదేళ్ళు వచ్చాక మాధురికి బాబు పుట్టాడు. అభినందనలు చెప్పి ఊరుకున్నాను. బాబుకు రెండు నెలలు నిండుతుండగా బడే సాబ్ నన్ను తన గదికి పిలిచారు. బిడ్డ బరువు పెరగడం లేదు, పైగా తగ్గుతున్నాడు. పాల డాక్టరు, అంటే తల్లులకు పాలివ్వడం నేర్పే మా నర్సు, ఎంత చెప్పినా మాధురి డబ్బా పాలు ఒక్క చుక్క పట్టనివ్వడం లేదు. "ఆప్ కీ భాషా మే బాత్ కీజియే" అన్నారు. మీ భాషలో మీరు మాట్లాడి చూడండని.

వాళ్ళింటికి వెళ్ళాను. మాధురి మంచం మీద కూర్చుని ఉంది. కళ్ళు గుంటలు పడ్డాయి. బాబు ఏడుస్తున్నాడు, ఆ ఏడుపులో బలం లేదు.

"ఏం తింటున్నావమ్మా?" అనబోయి, బడే సాబ్ గుర్తొచ్చి, "నిన్న పొద్దున లేచి మొదట ఏం తిన్నావు?" అని అడిగాను.

"అన్నం, కారప్పొడి, నెయ్యి."

"మధ్యాహ్నం?"

"అదే ఆంటీ."

"రాత్రి?"

జవాబు సత్యవతి గారు చెప్పారు. "బాలింత పథ్యం అండి. నేనూ అలాగే తిన్నాను, మా అమ్మా అలాగే తింది. నీళ్ళు కూడా ఎక్కువ తాగకూడదు కదండీ, బిడ్డకి జలుబు చేస్తుంది."

పథ్యం ఆవిడ పెట్టింది కొంత. మిగతాది మాధురి తనకు తానే పెట్టుకుంది. గోధుమ ఎలాగూ మానేసింది. పప్పు అనుమానం, గుడ్డు అనుమానం, కూరలు అనుమానం. అనుమానం పెనుభూతమంటారే, ఆ భూతం ఆ కంచంలో అన్నమూ నెయ్యీ తప్ప ఏమీ మిగల్చలేదు. ఆఫీసుకు రాజీనామా రాసిపెట్టుకుంది కూడా. ఈ బిడ్డకు రెండేళ్ళు పాలు తప్ప ఇంకేమీ నోట పెట్టనంది.

"డబ్బా పాలు పట్టిస్తే వీడికీ వస్తుంది ఆంటీ. ఆద్యకి చేసిన తప్పు వీడికి చెయ్యను."

నాకు కోపం వచ్చింది. మాధురి మీద కాదు, ఆ మాటను ఆ పిల్ల నెత్తిన పెట్టిన అందరి మీదా.

"మాధురీ, ఇలా చూడు. ఆద్యకు ఆ జబ్బును నువ్వు పాలు మాన్పించి తెప్పించలేదు. ఆరేళ్ళు పాలిచ్చినా ఆపగలిగేదానివి కాదు. నీ నుంచో, కిరణ్ నుంచో, ఇద్దరి నుంచో పుట్టుకతో వచ్చిన గుణం అది. వీడికీ వచ్చి ఉండొచ్చు, రాకపోయి ఉండొచ్చు. పాలతో దాన్ని మార్చలేవు."

"మరి అందరూ..."

"అందరూ చెప్పారు. ఒకప్పుడు మా గోడ మీదా రాసి ఉండేది. తప్పని తెలిసి పీకేశాం. నీకు తప్పనిపించింది నీ తప్పు కానే కాదు. ఇప్పుడు బాబుకున్న జబ్బు సీలియాక్ కాదు, ఆకలి."

ఆ మాట కాస్త గట్టిగానే అన్నాను. మాధురి ముఖం చేతుల్లో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "అయితే నా పాలకి విలువే లేదా ఆంటీ?" అంది.

ఈ ప్రశ్నకు మీరు పుస్తకం తీయకండి. ఆ తల్లి అడుగుతున్నది పాల గురించి కాదు. పక్కన కూర్చుని వీపు నిమిరి, "విలువ లేకేం? వాడి కడుపు నింపుతాయి. విరేచనాలు, దగ్గులు దగ్గరికి రానివ్వవు. నీ ఒళ్ళో పడుకోబెడతాయి. చాలదా? ఆ ఒక్క జబ్బును ఆపే పని మాత్రం వాటికి పెట్టకు. పెడితే అవీ ఓడిపోతాయి, నువ్వూ ఓడిపోతావు" అన్నాను.

సత్యవతి గారు లేచి వంటింట్లోకి వెళ్ళారు. నా మాటలకు కోపం వచ్చిందేమో అనుకున్నాను. పెద్ద గ్లాసుడు మజ్జిగ తెచ్చి కోడలి చేతిలో పెట్టారు.

"తాగు. బాలింతకి మజ్జిగేంటని ఎవరైనా అంటే నా పేరు చెప్పు" అన్నారు.

ఆ సాయంత్రం నుంచే పప్పు, కూర, గుడ్డు మాధురి కంచంలోకి వచ్చాయి. నర్సు చేత బిడ్డను రొమ్ముకు సరిగ్గా పట్టించడం నేర్పించాం. పాలు కుదురుకునేదాకా డాక్టరు చెప్పిన మేరకు డబ్బా పాలు తోడు. బాబు ముఖం తేటపడింది. మాధురి ఆఫీసు సెలవు పొడిగించుకుంది గానీ రాజీనామా చించేసింది.

మొదటి గోధుమ

బాబుకు ఆరో నెల దాటాక అన్నప్రాశన జరిగింది. మన పద్ధతిలో పరమాన్నమే. ఆ తర్వాత మిగతావన్నీ ఒక్కొక్కటిగా పెట్టారు, గోధుమ తప్ప. మాధురి మళ్ళీ బడే సాబ్ దగ్గరకు వచ్చింది. పెట్టకుండా ఉండిపోతే జబ్బును తప్పించుకోవచ్చా అని అడిగింది. తప్పించుకోలేవు, జన్మంతా అనుమానంతో బతుకుతావు, కొద్దికొద్దిగా పెట్టు, తగినంత కాలం తిన్నాక పరీక్ష చేద్దాం, తోబుట్టువుల్లో ఒకరికుంటే మిగతావాళ్ళకూ చూడడం మా పద్ధతే అని ఆయన చెప్పారు. జబ్బు ఉంటే ముందే పట్టుకుంటే ఆద్యలా నలిగిపోడు.

మొదటిరోజు నన్నూ పిలిచారు. కిరణ్ ఆద్య గిన్నెలతో కలవకుండా విడిగా ఒక గిన్నె కొన్నాడు. గోధుమరవ్వ జావ కాచి, రెండు చెంచాలు చల్లార్చారు. ఆద్య గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"మమ్మా, ఇస్కో క్యోం మిల్ రహా హై? ముఝే క్యోం నహీ?" అంది. తమ్ముడికిచ్చేది తనకెందుకు ఇవ్వరని.

మాధురి నా వంక చూసింది. అది తల్లి చెప్పాల్సిన జవాబు.

"నీ పొట్టకి ఇది పడదు బంగారం. వాడి పొట్ట ఎలాంటిదో మనకింకా తెలీదు. పెట్టి చూస్తేనే తెలుస్తుంది" అంది మాధురి.

"అగర్ ఇస్కా భీ మేరే జైసా నికలా తో?"

"నీలాగే అయితే నువ్వే నేర్పిద్దువుగాని, ఏం తినాలో."

ఆద్య "ఠీక్ హై" అంది. చెంచా బాబు నోట్లోకి వెళ్ళింది. వాడు ముఖం వికారంగా పెట్టి మింగేశాడు. సత్యవతి గారు పైకి చూసి దణ్ణం పెట్టుకున్నారు.

ఫోన్

నేను రిటైరైన రోజు బడే సాబ్ మా అందరినీ అశోకా రోడ్‌లో మనవాళ్ళ క్యాంటీన్‌కు తీసుకెళ్ళి తెలుగు భోజనం పెట్టించారు. ఆవకాయ తిని కళ్ళనీళ్ళు పెట్టుకుని, అవి కారం వల్లేనని బుకాయించారు. పొగడ్తలంటే ఆయనకు గిట్టదు కాబట్టి అక్కడ చెప్పలేదు, ఇక్కడ చెబుతాను. తాను చెప్పిన మాట తప్పని తెలిసిన రోజున కుర్చీ ఎక్కి పీకేసే పెద్దమనిషి కింద పనిచేయడం నా అదృష్టం. మీకు అలాంటి బాసు దొరికితే, కోపాన్ని పట్టించుకోకండి.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మాధురి ఫోన్ చేసింది. బాబుకు మూడో ఏడు నడుస్తోంది. బరువు బాగానే ఉన్నాడు, పొట్ట ఉబ్బలేదు, అయినా అనుకున్న ప్రకారం పరీక్ష చేయించారు.

"ఆంటీ, వచ్చిందండి. వాడికీ ఉంది" అంది.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. 'నేనేం తప్పు చేశాను' అని అడుగుతుందని ఎదురుచూస్తున్నాను.

అడగలేదు. "ముందే దొరికిందన్నారండి డాక్టరు గారు. ఇవాళ్టి నుంచి ఆపేశాం. ఆద్య వాడికి క్లాసు కూడా మొదలెట్టింది. కానీ ఆంటీ, అత్తయ్యగారు కాస్త డల్‌గా ఉన్నారు. ఒకసారి మాట్లాడతారా?" అని ఫోన్ ఆవిడకిచ్చింది.

"వదినగారూ, కంగారు పడకండి" అని మొదలుపెట్టాను.

"కంగారు కాదండి. ఇందాక మా కాకినాడ ఆడపడుచు ఫోన్ చేసింది. 'వీడికీ పాలు సరిగా పట్టలేదేమో మీ కోడలు' అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నా కోడలి పాల సంగతి నీకెందుకే అని ఫోన్ పెట్టేశానండి. పెద్దది కదా, వయసుకైనా మర్యాద ఇవ్వాల్సింది. అదే మనసులో పీకుతోంది. తప్పు చేశానంటారా?"

ఆ ఇంట్లో నేను చెప్పిన మాట ఇంత దూరం నడిచిందని నాకప్పటిదాకా తెలియదు.

"లేదు వదినగారూ, మంచి పని చేశారు" అన్నాను.

"అయితే సరేనండి. ఇంక మనశ్శాంతిగా అన్నం తింటాను" అని ఆవిడ ఫోన్ పెట్టేశారు.